గీత పెట్టకుండా విప్పిన లెన్సు

వెంకటరత్నం గారు నా ముందు నడుస్తున్నారు, ఆయన స్టూడియో చీకటిగదిలోకే వెళ్తున్నాం అనుకుంటాను గానీ ఆ గది ఎంతకీ రాదు, ఎర్ర బల్బు వెలుతురులో ఒక పొడుగాటి వరండా సాగుతూనే ఉంటుంది, మడమల దాకా నీళ్ళు, ఆ నీళ్ళలో ఫొటో ప్రింట్లు తేలుతున్నాయి. ఆయన పోయి నాలుగేళ్ళయిందని నాకు తెలుసు. మొహం మీద అడగడం మర్యాద కాదని ఊరుకుంటాను. కాళ్ళు పీకేస్తున్నాయి, ఈ వయసులో నాకీ నడకేమిటని విసుగ్గా ఉంది.

ఆయన మెళ్ళో ఆ పాత మడత కెమెరా వేలాడుతోంది. మూత తెరిస్తే తోలు తిత్తి సాగి లెన్సు ముందుకొస్తుంది. చిన్న కిటికీలోంచి చూస్తే మనిషి రెండుగా కనబడతాడు, లెన్సు తిప్పుతూ పోతే ఆ రెండు బొమ్మలూ ఒకటవుతాయి, అప్పుడు నొక్కాలి. బందరులో దాన్ని విప్పి బాగుచేసే మెకానిక్కును నేనొక్కణ్ణే. ఆ పొగరే కొంప ముంచింది. ముందు లెన్సు విప్పేటప్పుడు అది ఎక్కడ మర వదిలిందో పెన్సిలుతో గీత పెట్టుకోవాలి. ఆయన కెమెరా బాగుకి తెచ్చిన రోజు గుర్తుంటుందిలే అనుకుని పెట్టలేదు, ఒక మర పక్కకి బిగించేశాను. అలా బిగిస్తే కిటికీలో బొమ్మలు చక్కగానే కలుస్తాయి, రీలు మీద మాత్రం అంతా అలుక్కుపోతుంది.

వరండా ఎప్పుడు ఆస్పత్రిదయిపోయిందో తెలియదు, బల్ల మీద ఆయన భార్య శేషమ్మ గారు కూర్చుని ఉన్నారు, ఆవిడా ఎప్పుడో పోయారు, జడలో కనకాంబరాలు మాత్రం తాజాగా ఉన్నాయి. ఎప్పుడూ ఊళ్ళోవాళ్ళనే తీస్తారు, నన్నూ ఒకసారి తీయండి అని జబ్బు ముదిరాక ఆవిడే అడిగి తీయించుకున్నారు. ఆ రీలే పాడైంది. ప్రింట్లు పట్టుకుని ఆయన నా షాపుకొచ్చి, చెయ్యి వణకలేదు మస్తానూ, కన్నే పోయినట్టుంది అన్నారు. నాకు చూడగానే అర్థమైంది. కళ్ళడాక్టరుకు చూపించుకోండి అన్నాను. ఛీ, నా బతుకు. తుడిచిస్తానని కెమెరా తీసుకుని గుట్టుచప్పుడు కాకుండా సరిచేసి ఇచ్చాను, ఆయన మళ్ళీ దాన్ని తెరవనే లేదు, స్టూడియోకి తాళం వేసేశారు.

ఇప్పుడాయన వంగి నీళ్ళలోంచి ఒక ప్రింటు తీసి నా చేతిలో పెడతారు.

"నువ్వు చూసి చెప్పవయ్యా, నాకు ఆనదు. ఆవిడ బాగా పడిందా?"

మొహం ఉండాల్సిన చోట పాలమరక లాంటిది ఉంది. అంచు పట్టుకుని లెన్సు తిప్పినట్టు తిప్పుతాను, అది తిరుగుతుంది కూడా, కానీ ఎంత తిప్పినా మొహం రెండుగానే ఉంటుంది, ఆయన పక్కనే నిలబడి ఎదురుచూస్తుంటారు. ఇక నావల్ల కాదు, చెప్పేస్తాను.

"మీ కన్ను బాగానే ఉందండీ. లెన్సు నేనే తప్పు మరలో బిగించాను. ప్రింట్లు చూసినప్పుడే తెలుసు నాకు."

తిడతారని చూస్తాను. తిడితే ఎంత బాగుండును. ఆయన శేషమ్మ గారి పక్కన కూలబడి, తడిసిన పంచె అంచు పిండుకుంటారు, ఆవిడ మాత్రం ఫొటోకి కూర్చున్న మనిషిలా కదలకుండా నావైపే చూస్తుంటారు.

"ఆ రోజే చెప్పుంటే అయిపోయేదిగా మస్తానూ," అంటారు చివరికి, నెమ్మదిగా. "ఇంకోటి తీసేవాణ్ణి. ఆవిడ అప్పటికింకా పదకొండు రోజులు ఉంది."

ప్రింటునే మళ్ళీ తిప్పబోతాను, వరండాలో నీళ్ళు నోటి దాకా లేచి వస్తాయి.

మెలకువ వచ్చేసరికి షాపులో కుర్చీలోనే ఉన్నాను, మధ్యాహ్నపు ఎండ బల్ల మీదికొచ్చింది. కుడిచేతి వేళ్ళు నొప్పి పెడుతున్నాయి. చూసుకుంటే చొక్కా గుండీ ఒకటి చేతిలో ఉంది, తిప్పి తిప్పి దారం తెంపేసినట్టున్నాను.