ఊటగెడ్డ కొండకు తగిన జెట్టు

ఈ వృత్తాంతాన్ని నాకు మొదట చెప్పినవాడు రోనాల్డ్. అరకులోయలో అతనికి మెకానిక్ షెడ్డు ఉంది. రెండేళ్ల క్రితం ఘాట్ రోడ్డులో వేడెక్కిన నా కారు చల్లారేవరకు అతను నాకొక స్టూలు వేసి, తాను కళ్లారా చూసినంత మేరకు చెప్పాడు. అతను చూసింది కొండ కింద జరిగిన భాగమే. పైన జరిగినది, శుక్రవారం సంతలో పసుపు అమ్మే చిన్నమ్మలు అనే ఆవిడ నోట తరువాత విన్నాను. ఇద్దరి మాటలూ ఎక్కడా ఒకదానితో ఒకటి విభేదించలేదు కనుక కలిపి రాస్తున్నాను.

ఫల్గుణ పర్యాటకులను ఏటీవీల మీద, అంటే లావు టైర్ల నాలుగు చక్రాల బండ్ల మీద, తిప్పేవాడు. తెల్లవారగానే నాలుగు బండ్ల టైర్లలోనూ గాలి చూసి, చైన్లకు నూనె పెట్టి, హెల్మెట్లు తుడిచి వరుసగా ఆరబెట్టేవాడు. మూడు బండ్లు యజమానివి. నాలుగోది, సెకండ్ హ్యాండులో కొన్న స్పోర్ట్ బండి, అతని సొంతం. ఒక ఏడాది సామకొత్త పండుగకు అత్తవారి ఊరైన ఊటగెడ్డకు వస్తానని భార్య స్వర్ణకు మాట ఇచ్చి, ఆ ఉదయమే ఒక పర్యాటకుడితో పందెం వేసి, మలుపులో బోల్తాపడి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. స్వర్ణ ఆసుపత్రిలో అతనికి సేవ చేసింది. అతను కర్ర సాయంతో నిలబడగలిగిన రోజున, ఇకమీదట నువ్వే పైకి రావాలి, నేను దిగను అని చెప్పి పుట్టింటికి ఎక్కిపోయింది.

ఊటగెడ్డలో కొత్త సామను కొండకు పెట్టనిదే ఎవరూ నోట వేసుకోరు. పెట్టాక ఆలుమగలు ఒకే పొయ్యి దగ్గర తొలి ముద్ద తినాలి. వరుసగా మూడేళ్లు అలా తినకపోతే పెద్దలు వారి ముడి విప్పేస్తారు. ఆ ఊరి కట్టుబాటు అది. వారికి రెండేళ్లు అప్పటికే గడిచాయి.

స్వర్ణ ప్రతి సాయంత్రం గట్టు మీద నిలబడి కింది దారిని చూసేది. ఎదురుచూసే మనిషికి దూరం కనబడాలి కదా, ఆమె కోసం కొండ కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చింది. పన్నెండు మలుపుల దారి పదిహేడు మలుపులైంది, తరువాత ఇరవైమూడైంది. సంతకు దిగేవారు కోడి కూయకముందే బయలుదేరసాగారు. పప్పు ఉడకడం ఆలస్యమవుతోందని ఆడవాళ్లు రాత్రే నానబెట్టుకున్నారు. సర్వే ఉద్యోగి ఆ కొండ ఎత్తును మాత్రం పెన్సిలుతో రాసుకునేవాడు.

ఆ మోకాలితో ఫల్గుణ కొండ ఎక్కలేడు. డోలీ కట్టి మోసుకుపోతామని ఊరివారు అంటే, అత్తవారింటికి సరుకులాగా వెళ్లనన్నాడు. బండి మీద బయలుదేరితే పదకొండో మలుపు దగ్గరే ఇంజను ఆగిపోయింది. అందుచేత రోనాల్డ్ దగ్గరకు వెళ్లాడు.

తక్కువ ఖర్చులో ఏ బండికైనా మొదట చేయదగినవి మూడేనని రోనాల్డ్ విశాఖపట్నంలో పని నేర్చుకున్ననాటి నుంచి నమ్మినవాడు. ముందు ఊపిరి పీల్చుకోనివ్వాలి: పాత గాలి ఫిల్టరు తీసి, గాలిని ధారాళంగా రానిచ్చే స్పాంజి ఫిల్టరు వేశాడు. తరువాత ఊపిరి వదలనివ్వాలి: అడ్డుపలకలు తక్కువగా ఉన్న సైలెన్సరు బిగించాడు. ఇక వచ్చే గాలికి తగిన పెట్రోలు అందాలి: కార్బురేటరులో పెట్రోలును కొలిచి పంపే ఇత్తడి జెట్టు, వడ్లగింజంత ముక్క, దానిని తీసి పెద్ద రంధ్రం ఉన్నది పెట్టాడు. బండి లోయలో బాణంలా పరుగెత్తింది. కొండ మీద పదిహేనో మలుపులో నల్లటి పొగ కక్కి ఆగింది.

బలం చాలలేదని ఇద్దరూ అనుకున్నారు. ఇంకా పెద్ద జెట్టు వేశారు, ఆపైన మరింత పెద్దది. ప్రతిసారీ బండి మునుపటి కంటే ముందే ఆగింది. పైనున్న స్వర్ణకు ఆ పొగ కనబడేది. పొగ కనబడిన సాయంత్రం ఆమె మరికొంతసేపు నిలబడేది. కొండ మరో రెండు మలుపులు పెరిగేది.

పండుగ మూడు రోజులుందనగా సంతకు వచ్చిన చిన్నమ్మలు, స్వర్ణ తల్లి, షెడ్డు ముందు గంప దించింది. ఫల్గుణ చేతిలో స్పార్క్ ప్లగ్గు బొగ్గులా ఉంది.

"ఏటి సేత్తన్నావు అల్లుడా?"

"బండికి బలం సాల్లేదత్తా. ఇంకాస్త పెట్రోలు పట్టించాల."

ఆమె ప్లగ్గును వేలితో గీసి, మసిని వాసన చూసింది. "డోలీ ఎక్కడానికి సిగ్గన్నావు గానీ, ఈ మసి మూతికి పులుముకుని రావడానికి సిగ్గు నేదేటి? పైన గాలి పలసనైపోనాది. పొయ్యిలో మునపట్లాగ కట్టెలు కుక్కితే పొగే గాని మంట రాదు. నీ పెళ్లాం, మా గుంట, రెండు పుల్లలెట్టి వండుతాది."

రోనాల్డ్ పానా కింద పెట్టి ప్లగ్గు అందుకున్నాడు. "నాను సముద్రం పక్కన నేర్సిన పని అన్నా ఇది," అన్నాడు. "పెద్దది కాదు, సిన్న జెట్టు వెయ్యాల. కానీ అది కింద సరిగ్గా నడవదు. తొందరపడి లాగినావంటే వేడెక్కి పిస్టను పట్టేత్తాది. మరింకో పిస్టను నా కాడ నేదు."

"కింద ఎలాగ నడిస్తే నాకేటి," అన్నాడు ఫల్గుణ.

పండుగ ఉదయం అతను బయలుదేరాడు. బండి దగ్గుతూ, సైలెన్సరులో పటపటమంటూ కదిలింది. తోటి ఏటీవీ వాళ్లు వరసగా నిలబడి, మేకలు దాటిపోతున్నాయి దారియ్యి అని వెక్కిరించారు. ఒకప్పుడు ఎవరినీ ముందుకు పోనివ్వని మనిషి, కట్టెల మోపు మోసేవారికి కూడా దారి ఇచ్చాడు. దారిలో పారే ప్రతి గెడ్డ దగ్గరా బండి ఆపి, ఇంజను మీద చెయ్యి పెట్టి, వేడి తగ్గేదాకా కూర్చున్నాడు. పండుగ డప్పు పైనుంచి వినబడుతున్నా కూర్చున్నాడు. పద్నాలుగో మలుపులో దగ్గు తగ్గింది. ఇరవయ్యోదానిలో మోత శుభ్రపడింది. ఆ పైన, గాలి పలచనయ్యేకొద్దీ, బండి ఎన్నడూ నడవనంత హాయిగా నడిచింది. దారి ఇరవైతొమ్మిది మలుపులకు చేరిందని అతనికి అప్పుడే తెలిసింది.

స్వర్ణ గట్టు మీద ఉంది. ఆమె వెనుక, కొండల వరుసలన్నీ దాటి, సముద్రం సన్నటి గీతలా మెరుస్తోంది.

"ఆలీసమైపోనాది. ముద్ద సల్లారిపోనాది," అంది.

"సల్లదే పెట్టు."

పెద్దలు చూస్తుండగా ఒకే పొయ్యి దగ్గర తిన్నారు. వారు చేతులు కడుక్కునే వేళకు కొండే కిందికి దిగడం మొదలుపెట్టింది. మర్నాటి ఉదయానికి పన్నెండు మలుపులే ఉన్నాయి. గట్టు మీద నుంచి చూస్తే సముద్రం లేదు.

ఇక ఎవరేమయ్యారో చెప్పాలి. రోనాల్డ్ ఇప్పుడు ఏ బండి వచ్చినా, ఇంజను చూడకముందే ఏ ఊరు వెళ్లాలని అడుగుతాడు. చిన్నమ్మలు తెల్లారాకే తీరిగ్గా సంతకు దిగుతోంది. ఫల్గుణ యజమాని దగ్గరకు తిరిగి పోలేదు. ఊటగెడ్డలోనే కాఫీ తోటలో ఉంటూ, శుక్రవారం మాత్రం బండి మీద సంతకు దిగుతాడు. పాత ఎత్తుకు ఆ చిన్న జెట్టు సరిపడక ఇంజను అడుగడుగునా దగ్గుతుంది. మార్చి ఇస్తానని రోనాల్డ్ ఎన్నోసార్లు అన్నా ఒప్పుకోలేదు.

స్వర్ణ సంగతి చిన్నమ్మలు చివరగా, కొంచెం గొంతు తగ్గించి చెప్పింది. శుక్రవారం వచ్చిందంటే ఆమె మొగుణ్ణి చీకటితోనే లేపి, బేగి ఎల్లు, బేగి ఎల్లు అని పంపేస్తుందట. సాయంత్రం దాకా కింది దారిని చూస్తూ గట్టు మీద నిలబడుతుందట. ఎండ వాలే వేళకు, సన్నగా, సముద్రం కనిపిస్తుందట.