నోరు ముందు, వేలు తరువాత

గురి సాధన సంఘంలో తరగతి గది చిన్నది. మూడు బెంచీలు, ఒక పొడవాటి బల్ల, ఎదుటి గోడకు పేర్చిన ఇసుక బస్తాలు, ఆ బస్తాలకేసి మూతి పెట్టి ఉంచిన ఒక రైఫిల్. ఆ గదికి మేస్త్రి మాటే శాసనం. ముప్పై ఏళ్లు తుపాకులు బాగుచేసి, ఇప్పుడు కొత్తవారికి పాఠం చెప్పి పరీక్ష పెట్టే హోదాకు వచ్చినవాడు. ఆయన సంతకం లేనిదే కొత్త లైసెన్సు రాదు. పాత లైసెన్సుదారులూ పరీక్షకు కూర్చోవాలన్న నిబంధన ఈ ఏడే వచ్చింది. వచ్చిన నాటినుంచి మేస్త్రి ఒకే ఒక మనిషికోసం ఎదురు చూస్తున్నాడు.

ఆ మనిషి ఆ ఉదయం వచ్చాడు. సంఘానికి ఒకప్పటి కార్యదర్శి, అందరికీ దొరగారు.

"ఏమోయ్ మేస్త్రీ, నాకు కూడా అ ఆలు దిద్దిస్తావా?"

"నిబంధనండీ. కూర్చోండి."

బల్ల చివర, గది మూలలో ప్రమాదాల రిజిస్టరు ముందేసుకొని కూర్చున్న మేస్త్రి తమ్ముడు తల ఎత్తలేదు. అతని ఎడమచేతికి మూడు వేళ్లే ఉన్నాయి.

పన్నెండేళ్ల క్రితం దొరగారు గురి పందెం ముగించుకొని, హడావిడిగా రైఫిల్‌ను బల్లమీద పెట్టి "ఖాళీ" అన్నాడు. ఇచ్చేవాడు తుపాకీ వెనక గడియ, అంటే బోల్టు, తెరిచి చూపాలి, పుచ్చుకునేవాడు లోపల తూటా కూర్చునే చోట చిటికెనవేలు పెట్టి తడమాలి, ఆ తరువాతే ఇద్దరూ ఖాళీ అనాలి. ఇది సంఘం ఆనవాయితీ. దొరగారు తెరవలేదు. తుపాకులు పుచ్చుకొని దాచే పనివాడైన తమ్ముడు తడమలేదు, అంతటివాడి మాట కాదంటామా అనుకున్నాడు. బీరువాలో పెట్టేముందు స్ప్రింగు బిగువు వదలడానికి, గొట్టం మూతిని ఎడమ అరచేత్తో పట్టుకొనే ట్రిగ్గర్ నొక్కాడు. లోపలున్న తూటా పేలి రెండు వేళ్లు పోయాయి.

ప్రమాదాల రిజిస్టరులో దొరగారు రాసింది ఒకే వాక్యం: "పనివాని అజాగ్రత్త." దానితో తమ్ముడి ఉద్యోగం పోయింది, పరువూ పోయింది. మేస్త్రి పరీక్షకుడైన తరువాతే, ఎంతో మొండిపట్టు పట్టి, అతనిని గుమాస్తాగా తిరిగి తేగలిగాడు. తమ్ముడి తప్పు లేదని మేస్త్రి ఏనాడూ అనలేదు. సగం తప్పు అతనిదే. రెండో సగం ఎక్కడ రాశారన్నదే ఆయన కడుపులో రగిలిన నిప్పు. ఆనాడు పేలిన తూటా ఖాళీ గొట్టం నేటికీ ఆయన చొక్కా జేబులోనే ఉంది.

పాఠం మొదలయింది. "తుపాకీ ఎప్పుడూ నిండుగానే ఉందనుకోండి. మూతి మనిషివైపు తిరగకూడదు. కాల్చాలని నిశ్చయించుకునేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. గురి వెనకాల ఏముందో తెలియనిదే కాల్చకూడదు. శుభ్రం చేసే గదిలో తూటాలు ఉండకూడదు."

"నూనె ఎంత పొయ్యాలండీ?" అడిగింది నేర్చుకోవడానికి వచ్చిన ఒక పంతులమ్మ.

"పొయ్యకూడదమ్మా. గుడ్డకు రాసి గొట్టం లోపల పల్చగా తుడవాలి. పోస్తే దుమ్ము పడుతుంది."

"మా బస్సుకు పోసినట్టు పోస్తే చెడుతుందన్నమాట," అన్నాడు వెనక బెంచీ డ్రైవరు. "హారనెక్కడుందండీ దీనికి?"

"మోగిందంటే పక్కవాడికి వినిపించదు," అన్నాడు మేస్త్రి. అందరూ నవ్వారు. దొరగారు మాత్రం ఆవలించాడు.

పరీక్ష వేళ మేస్త్రి అందరినీ కాసేపు బయటికి పంపి, ఎర్రరంగు పూసిన ఇత్తడి డమ్మీ తూటాను రైఫిల్‌లో పెట్టి బోల్టు మూశాడు. అందులో మందు లేదు, పేలదు. కొందరికి డమ్మీ పెట్టడం, కొందరికి పెట్టకపోవడం ఆ పరీక్ష పద్ధతి. అయితే నేటి వరుస మాత్రం ఆయన నెలల క్రితమే నిర్ణయించుకున్నాడు.

"పెద్దవారు. మీరే ముందు," అన్నాడు అందరూ తిరిగి లోపలికి రాగానే.

దొరగారు ముచ్చటపడ్డాడు. రైఫిల్ అందుకొని, మూతిని సవ్యంగానే బస్తాలవైపు ఉంచి, బెంచీలవైపు ఒకసారి చిరునవ్వుతో చూసి, "ఖాళీ" అన్నాడు. ఆ తరువాత చెయ్యి బోల్టు లాగింది.

ఎర్ర తూటా బల్లమీద టంగుమని పడి, దొర్లి, రిజిస్టరుకు తగిలి ఆగింది.

పంతులమ్మ, "చూడకుండానే అనేశారేమిటండీ!" అంది అమాయకంగా.

"నోరు జారింది. అలవాటు," అన్నాడు దొరగారు.

"ఔనండి. పాత అలవాటే," అన్నాడు మేస్త్రి. గొంతు పెంచలేదు. "పద్నాలుగో నిబంధన చదువురా తమ్ముడూ."

తమ్ముడు నిలబడి చదివాడు: "తప్పు చేసినవారు దానిని స్వహస్తంతో ప్రమాదాల రిజిస్టరులో రాయవలెను. అదే తప్పు లోగడ చేసియున్నచో ఆ తేదీ కూడ వేయవలెను. అంతవరకు తిరిగి పరీక్షకు అర్హులు కారు."

"ఇది... ఇది పనివాళ్లకోసం నేనే రాసింది."

"చాలా చక్కగా రాశారండీ. 'పనివాళ్లు' అన్న మాట వెయ్యడం ఒక్కటే మరిచిపోయారు."

మేస్త్రి రిజిస్టరును తానే తెరిచి, పన్నెండేళ్ల నాటి పుట తీసి, జేబులోని పాత తూటా గొట్టాన్ని దానిమీద బరువుగా పెట్టాడు. ఆ ఒంటరి వాక్యం కింద సగం పుట తెల్లగా ఉంది.

"ఇక్కడా?" అన్నాడు దొరగారు.

"జాగా ఉంది కదండీ."

"మేస్త్రీ, నలుగురి ముందూ..."

"ఆరోజూ నలుగురున్నారు. వాళ్లతో మీరేం చెప్పారో నాకు జ్ఞాపకమే. చెప్పమంటారా?"

లైసెన్సు గడువు రెండు నెలలే మిగిలి ఉంది. దొరగారు కలం తీశాడు. "చూడకుండానే ఖాళీ అన్నాను." ఈనాటి తేదీ వేశాడు. కలం అక్కడే ఆగింది. మేస్త్రి బల్లమీద చేయి ఆనించి నిలుచున్నాడు. చివరికి పన్నెండేళ్ల నాటి రెండో తేదీ కూడా పడింది.

పైవాక్యాన్నీ కింది వాక్యాన్నీ తమ్ముడు వేలు పెట్టి నిదానంగా చదువుకున్నాడు.

"అన్నయ్యా, సంతకం సరిగా పడలేదు."

"మళ్లీ చెయ్యండి," అన్నాడు మేస్త్రి.

దొరగారు మళ్లీ చేశాడు. "ఇంక పాసేనా?"

"ఫెయిలండీ. వచ్చే నెల రండి, మొదటి బెంచీలో కూర్చోండి." మేస్త్రి తూటా గొట్టాన్ని తిరిగి జేబులో వేసుకున్నాడు. నిప్పు ఆరలేదని ఆయనకు తెలుసు. ఆరాలని కోరిక కూడా లేదు. "పోయేముందు రైఫిల్ మావాడికి అప్పగించండి. పద్ధతి ప్రకారం."

దొరగారు బోల్టు తెరిచి, రైఫిల్‌ను రెండు చేతులా చాచి పట్టుకొన్నాడు. తమ్ముడు మూడువేళ్ల చేతి చిటికెనవేలు లోపల పెట్టి తడిమాడు. తొందరపడలేదు. దొరగారి చేతులు బరువుకు వణికేదాకా తడిమాడు.