బస్సు రాకముందు వచ్చిన ఫోన్

మా స్కూల్లో పొద్దున్నే ఫోన్ ఎత్తేది నేనే. ఇరవై మూడేళ్ళుగా అదే పని. పిల్లకి జ్వరమనో, పిల్లవాణ్ణి పళ్ళ డాక్టరుకి చూపించాలనో, మంచులో కారు కూరుకుపోయిందనో తల్లిదండ్రులు చెబుతుంటారు, నేను రాసుకుంటాను. నవంబరు పదిహేనున మాత్రం ఎవరూ చెయ్యరు. జింకల వేట మొదలయ్యే రోజు అది, స్కూలుకి సెలవు. అమెరికా ఉత్తరపు కొసన, లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్ళో తుపాకీ లేని ఇల్లు వెతికి చూడాలి. మా ఇంట్లోనే నాలుగున్నాయి.

డార్లా లాహ్టి ఫోన్ చేసింది డిసెంబరు మొదటి మంగళవారం, ఏడూ ఇరవైకి. వృద్ధాశ్రమంలో వంట చేస్తుంది ఆమె. భర్త రస్ కలప మిల్లులో మేస్త్రీ. ఒక్కడే కొడుకు, ఎమెట్. పదహారేళ్ళు. ఎప్పుడు చూసినా టోపీ కళ్ళ మీదికి లాక్కుని, గోడ పక్కగా నడిచే పిల్లవాడు.

"ఐలీన్, నేను డార్లాని. బస్సొచ్చిందా?"

"ఇంకా లేదు. రోడ్డు మీద మంచు తీస్తున్నారట. ఏం, వాడు తిండి డబ్బా మర్చిపోయాడా?"

"వాణ్ణి లోపలికి రానివ్వకు."

ఒంట్లో బాగాలేదేమో అనుకుని కలం తీశాను.

"పుస్తకాలన్నీ మంచం మీద పేర్చి పెట్టి వెళ్ళాడు. బ్యాగు మాత్రం లేదు. రస్ పిస్తోలు మా మంచం పక్క సొరుగులో ఉంటుంది. అదీ లేదు."

ఆమె ఏడవడం లేదు. ఈ పూట భోజనానికి ఎంతమంది అని వంటింట్లో అడిగే గొంతుతోనే చెబుతోంది.

"రస్ పట్టుకెళ్ళాడేమో అడిగావా?"

"అడిగా. తన దగ్గర లేదన్నాడు. సాయంత్రం దాకా నోరు మూసుకో, నేనొచ్చి మాట్లాడతా, స్కూలుకి చెబితే ఇద్దరం జైలుకి పోతాం అన్నాడు."

రస్ అలా అనడానికి కారణం ఉంది. కొన్నేళ్ళ కిందట మా రాష్ట్రంలోనే, దక్షిణాన, ఒక స్కూల్లో పిల్లవాడు తోటిపిల్లల్ని కాల్చి చంపాడు. ఆ తుపాకీ కొనిచ్చిన తల్లిదండ్రుల్ని కూడా జైల్లో పెట్టారు. పిల్లలు తిరిగే ఇంట్లో తుపాకీకి తాళం వెయ్యాలని ఆ తర్వాత చట్టం వచ్చింది. మా ఊరి బార్లో ఆ చట్టం మీద జోకులు చాలానే నడిచాయి.

"డార్లా, బాగా చూశావా? ఒకవేళ తప్పైతే..."

"తప్పైతే ఊరంతా నా మొహాన ఉమ్మెయ్యనీ. పోలీసులకి చెప్పు ఐలీన్. నేను బయల్దేరుతున్నా."

షెరిఫ్ ఆఫీసుకి చేశాను. తర్వాత బస్సు నడిపే లెన్నీని వైర్‌లెస్‌లో పిలిచాను. రిసీవరు చెవికి ఆనించుకుని నేను చెప్పిందంతా విని అతను "సరే" అన్నాడు. అంతే. పక్కన పిల్లలున్నారు కదా.

ఆ పైన జరిగింది లెన్నీ చెప్పగా విన్నదే. స్కూలుకి రెండు మైళ్ళ ఇవతల ఫైర్ స్టేషన్ ఉంది. అక్కడ బస్సాపి, హీటరు పోయింది, వేరే బస్సొస్తుంది, బ్యాగులు సీట్లలో వదిలేసి లోపలికెళ్ళి వెచ్చగా కూచోండి అన్నాడు. పిల్లలు ఊరుకుంటారా?

"లెన్నీ, ఈ బస్సు నీకంటే ముసల్దయ్యా!"

"నీకు హీటరు పోయి ఎన్నేళ్ళయింది లెన్నీ?"

పంతొమ్మిది మంది దిగి లోపలికి పోయారు. ఆఖరున ఎమెట్ దిగాడు. బ్యాగు వదల్లేదు. ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. పోలీసులింకా రాలేదు. స్కూలు దారిలో బస్సు ఆగి ఉండటం చూసి డార్లా కారు ఆపింది. తెల్లటి వంట బట్టల మీద కోటు వేసుకుని, బొత్తాలైనా పెట్టుకోకుండా దిగింది. లెన్నీ చెయ్యి అడ్డం పెడితే పక్కకి నెట్టి వెళ్ళిపోయిందట.

"ఆ బ్యాగిలా ఇయ్యి, ఎమెట్."

"ఇందులో ఏం లేదు."

"ఏం లేకపోతే ఇవ్వడానికేం?"

"నువ్వు పనికి పోలేదేంటి?"

"పోలేదు. ఇయ్యి."

ఎంతసేపు అలా నిలబడ్డారో లెన్నీ చెప్పలేకపోయాడు. చివరికి పిల్లవాడి చేతులు వదులయ్యాయి. ఆమె బ్యాగు తీసుకుని తన వెనక మంచులో పెట్టి, రెండు చేతులా వాణ్ణి వాటేసుకుంది. వాడు కదల్లేదు. పోలీసు కారు వచ్చి ఆగింది అప్పుడే. బ్యాగులో పిస్తోలు, రెండు పెట్టెల తూటాలు ఉన్నాయి. బేడీలు వేస్తుంటే డార్లా అడ్డం రాలేదు. "వాడి కోటుకి జిప్పు పెట్టండి. చలిగా ఉంది" అంది ఒక్కటే.

మధ్యాహ్నానికల్లా ఊరందరికీ తెలిసిపోయింది. ఆమె కాళ్ళకి దండం పెట్టాలన్నవాళ్ళున్నారు. కన్నకొడుకుని పట్టించింది, అదేం తల్లి అన్నవాళ్ళూ ఉన్నారు. కొందరు ఒకే నోటితో రెండూ అన్నారు. కిరాణా కొట్లో ఒకావిడ డార్లా చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని, వెంటనే తన కూతుర్ని రెక్క పుచ్చుకుని దూరంగా లాక్కుపోవడం నేను చూశాను. మారకుండా ఉన్నది వృద్ధాశ్రమం ఒక్కటే. అక్కడి ముసలాళ్ళు సూపులో ఉప్పు తక్కువైందని ఎప్పట్లాగే తిట్టారు. డార్లా ఒక్కరోజు కూడా పని మానలేదు.

తాళం వెయ్యనందుకు రస్ మీద కేసు పెట్టారు. పిస్తోలు గురించి అతను ఫోన్లో అన్న మాటలు డార్లా పోలీసులకి ఉన్నదున్నట్టు చెప్పింది. దాంతో బట్టలు మూటగట్టుకుని తమ్ముడింటికి పోయాడు. "మా నాన్న తుపాకీ వంటింటి మూల నిలబెట్టే ఉండేది. మేమెవర్నన్నా కాల్చామా?" అని కనబడ్డవాళ్ళనల్లా అడిగేవాడు. చాలామంది తలూపారు. మా ఆయన ఆర్వో కూడా ఊపాడు.

"మన నాలుగు తుపాకులకీ తాళం ఉందా?" అన్నాను ఇంటికొచ్చాక.

"మనింట్లో పిల్లలేరీ?"

"ఆదివారం వచ్చి నీ నెత్తినెక్కే మనవలు పిల్లలు కారా?"

ఆర్వో శనివారం పోయి ఇనుప బీరువా కొనుక్కొచ్చి, మొహం ముడుచుకునే బిగించాడు.

ఇంతవరకూ ఇతరుల సంగతి చెప్పాను. నా సంగతి కూడా ఉంది. అక్టోబరులో ఇంగ్లీషు పంతులమ్మ ఎమెట్ రాసిన కథ ఒకటి ఆఫీసుకి తెచ్చింది. అందులో క్లాసులో వరుసగా కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేకుండా పోతారు. పేర్లు మార్చినా, ఎవరెవరో పోల్చుకోవచ్చు. నేను వాళ్ళింటికి ఫోన్ చేశాను. రస్ ఎత్తాడు. "కుర్రాడు కథ రాశాడు, దానికింత గోలా? నేను చూసుకుంటాలే" అన్నాడు. తండ్రికి తెలియజేశాం అని కాగితం మీద రాసి ఫైల్లో పెట్టేశాను. పిల్లలతో మాట్లాడే సలహాదారు మూడు స్కూళ్ళకి కలిపి ఒక్కరే, వారానికి రెండు రోజులొస్తుంది. ఆ కాగితం ఆమె బల్ల మీదికి చేరలేదు. చేర్చాల్సింది నేను.

జనవరిలో డార్లా కారు చెడిపోతే, ఎమెట్‌ని ఉంచిన చోటికి నేనే తీసుకెళ్ళాను. ఎనభై మైళ్ళు. వాడు తల్లిని చూడనన్నాడు. అలా అనడం అది మూడోసారి. తిరిగొస్తుంటే ముందు మంచు తోసే బండి నెమ్మదిగా పోతోంది, దాటే వీల్లేదు. అప్పుడు చెప్పాను, కథ గురించీ ఫోన్ గురించీ.

డార్లా నా వైపు తిరిగి అడిగింది. "ఏ రోజు?"

"అక్టోబరు పదిహేడు. గురువారం."

"గురువారం నాకు సెలవు. ఇంట్లోనే ఉన్నా. ఫోన్ ఎవరని రస్‌ని అడిగితే, స్కూలువాళ్ళు చందాలకి చేశారన్నాడు."

"నేను నీకు కూడా చెయ్యాల్సింది."

"చెయ్యాల్సింది."

పోనీలే, నీ తప్పేముంది అంటుందని లోపల ఆశపడినట్టున్నాను. అనలేదు. ఇంకో పది మైళ్ళు పోయాక, "కోర్టులో చెబుతావా?" అంది.

"ప్రిన్సిపాల్ ఒప్పుకోడేమో."

"రస్ అన్నది నేను చెప్పాను ఐలీన్. పంతొమ్మిదేళ్ళు కాపురం చేసి చెప్పాను."

"సరే, చెబుతా."

అడగనిదానికి జవాబు చెప్పక్కర్లేదని ప్రిన్సిపాల్ నచ్చజెప్పాడు. అడుగుతారు, ఆ కాగితం సంగతి ప్రభుత్వ లాయరుకి నేనే చెప్పేశాను అన్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఇంకెందుకు నా దగ్గరికొచ్చావు మరి?" అన్నాడు.

మార్చిలో రస్ కేసు విచారణ జరిగింది. నేను చెప్పాల్సింది చెప్పాను. రస్ లాయరు లేచి, "అయితే స్కూలుకి కూడా ముందే తెలుసన్నమాట" అన్నాడు. "తెలుసు. నాకు తెలుసు" అన్నాను. శిక్ష చెప్పేముందు ఏమన్నా చెప్పుకుంటావా అని జడ్జి అడిగితే, రస్ లేచి నిలబడ్డాడు. లాయరు చొక్కా పట్టి లాగాడు గానీ, అతను కూచోలేదు.

"ఆ సొరుక్కి తాళం ఉందండి. తాళంచెవి మంచం కిందే ఉంటుంది. ఎక్కడుందో నాకు తెలుసు. వంగి తియ్యడానికి బద్ధకం."

అంతవరకూ చెప్పి కూచున్నాడు. జడ్జి శిక్ష చదివాడు. మూడు నెలల జైలు, పగలు మిల్లులో పని చేసుకోవచ్చు, రెండేళ్ళు నిఘా, తుపాకులు ఇంట్లో ఉంచుకోకూడదు. స్కూలు నాకొక మందలింపు ఉత్తరం ఇచ్చింది. తీసుకున్నాను. ఇలాంటి విషయాలు తల్లికీ తండ్రికీ విడివిడిగా చెప్పాలని కొత్త నిబంధన పెట్టారు.

ఎమెట్‌ని పద్దెనిమిది నిండేదాకా చికిత్స చేసే చోటే ఉంచాలని జడ్జి చెప్పాడు. మే నెలలో, తల్లి వస్తే చూస్తానని వాడే కబురు పెట్టాడు. ఒంటరిగా లోపలికి పోలేను, నువ్వూ రా అంది డార్లా. గోడ పక్క కుర్చీలో కూచున్నాను. వాడు పొడుగయ్యాడు. టోపీ లేకపోతే నుదురు అచ్చం తల్లిదే.

"నన్ను పట్టించావు" అన్నాడు.

"అవును."

"నేను నిజంగా చేస్తాననుకున్నావా?"

"నాకు తెలీదురా."

వాడు బల్ల అంచుని గోటితో గీకుతూ కూచున్నాడు. "నాకూ తెలీదు. బస్సెక్కాక కూడా తెలీదు."

"తెలీకే ఫోన్ చేశాను."

"నాన్న నిజంగానే జైల్లో ఉన్నాడా?"

"పగలు మిల్లుకి పోతాడు. పనయ్యాక జైలుకొస్తాడు."

"నా వల్లేనా?"

డార్లా కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. "నీ వల్ల కొంత. తాళం వెయ్యక కొంత. ఆ సొరుగు పైన వారం వారం దుమ్ము తుడిచింది నేనే. లోపలేముందో తెలిసే తుడిచాను. ఒక్కనాడూ తాళం వెయ్యమని అడగలేదు. నాది కొంత."

వాడు తలెత్తి తల్లి వైపు చూశాడు. ఏడుస్తాడనుకున్నాను. "ఇక్కడ గుడ్లు నీళ్ళలా ఉంటాయమ్మా" అన్నాడు.

"పొడి గుడ్లయి ఉంటాయి. అందులో కాసిని పాలు పొయ్యాలి. వాళ్ళకెవరు చెబుతారు?"

"నువ్వే చెప్పు."

టైమైపోయిందని కాపలా అతను వచ్చి నిలబడ్డాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని వాడు అడగలేదు. ఆదివారం పదింటికి వస్తానని ఆమే చెప్పింది. పోతూపోతూ డార్లా నిజంగానే వంటవాళ్ళ కిటికీ దగ్గరికెళ్ళి, గుడ్ల సంగతి మాట్లాడింది. లోపలున్న లావాటి మనిషి మొదట చిరాకుపడ్డాడు. ఎన్ని పాలు, ఎంత మంట అని తర్వాత అతనే అడిగాడు.

దారిలో పెట్రోలు కోసం ఆగాం. ఆమె కొట్లోకి వెళ్ళి, మాంసమూ దుంపలూ పెట్టిన పేస్టీలు రెండు తెచ్చింది. కార్లోనే కూచుని తన పేస్టీ పొడి మిగలకుండా తినేసింది. డిసెంబరు తర్వాత ఆమె కడుపునిండా తినడం చూసింది అదే మొదలు. నాది సగం మిగిలితే, "తినవా? ఇలా ఇయ్యి" అని అదీ తీసుకుంది.