కుండ మీద తప్పెట

జూట్ మిల్లులో ఆరు రోజులు నార దుమ్ము మింగాక, ఆదివారం నాటికి నాలో ఏమీ మిగిలేది కాదు. పొద్దున్నే గంజి తాగి టీ కొట్టు వెనక పేకాటకు కూర్చునేవాణ్ణి. ఆట మీద మోజుతో కాదు, ఏమీ ఆలోచించక్కర్లేదని. దీపాలు పెట్టేవేళకు నడుము పట్టేసి, తల దిమ్మెక్కి, కూర్చున్నప్పటికంటే ఎక్కువ అలిసిపోయి లేచేవాణ్ణి. దానికి విశ్రాంతి అని పేరు పెట్టుకున్నాను, నా మొహం!

మా నాన్న తప్పెట ఇంట్లో నీళ్ల కుండ మీద మూతగా పడి ఉండేది. రొమ్ముకు కట్టుకుని, వాయిస్తూ గెంతుతూ పాడే గుండ్రటి రేకు వాద్యమది. విజయనగరం వచ్చి మిల్లులో చేరేదాకా మా ఊరి తప్పెటగుళ్ల జట్టులో నాది ముందు వరస. మూడేళ్లుగా నేనూ మా ఆవిడ మరిడమ్మా దాన్ని ఎత్తి నీళ్లు ముంచుకోవడం, మళ్లీ మూయడం, అంతే.

అరవై ఎనిమిదో సంవత్సరం మాఘమాసంలో మరిడమ్మ అన్న సోములు వచ్చాడు. జట్టు ఇప్పుడు వాడి చేతిలో ఉంది.

"బావా, శృంగవరపుకోటలో ఆట ఒప్పుకున్నాను. ఒక మడిసి తక్కువున్నాడు. ఆదివారం సాధనకి వస్తావా, రావా? రాకపోతే ఆ తప్పెట ఇచ్చీ. గణపతిరావు కట్టుకుంటాడు."

గణపతిరావు! అడుగు తప్పకుండా నాలుగు గెంతులు వేయలేడు. ఒళ్లు మండింది. అయినా నా నోట్లోంచి వచ్చిందేమిటి?

"ఓపిక నేదురా. అట్టుకుపో."

ఆ తప్పెట పోతే నాన్న నేర్పిన ఆట కూడా పోయినట్టే. మాట వెనక్కి తీసుకునే సత్తువైనా లేదు నాకు.

సోములు కుండ వైపు నడిచాడు. మరిడమ్మ అడ్డంగా నిలబడింది.

"నాను ఇవ్వను. నా కుండకి మూత ఏటేసుకోమంటావు? నీళ్లలో బల్లి పడితే నువ్వొచ్చి తీస్తావేటి?"

"రేకు ముక్క కోసం ఇంత కొట్లాటేటే?"

"ఆదివారం ఈయనే అట్టుకొస్తాడు. సాయంత్రానికి మళ్లీ నాకు తెచ్చియ్యాల."

ఆదివారం మనసులో తిట్టుకుంటూ వెళ్లాను. మొదటి గెంతుకే దగ్గు ముంచుకొచ్చింది. పిక్కలు పట్టేశాయి. రెండో పాటకు కూలబడితే జట్టంతా నవ్వింది. మూడోసారి లేచాక కాళ్లకు పాత అడుగు గుర్తొచ్చింది. ఆ కాసేపు మిల్లు కూత నా చెవుల్లో లేదు. ఒళ్లు పులిసిపోయి ఇల్లు చేరాను గానీ, మనసు తేలిగ్గా ఉంది.

తప్పెట కుండ మీద పెట్టబోతే, అక్కడ కొత్త మట్టి మూకుడు ఉంది.

"ఎప్పుడు కొన్నావే?"

"మొన్నటి దసరాకి. అటక మీద దాసినాను."

"మరి ఇన్నాళ్లూ..."

"తప్పెట ఎదురుగా ఉంటే ఎప్పటికైనా సూస్తావని, దాన్నే ఉంచీసినాను."

తప్పెటను పైట చెంగుతో తుడిచి గోడ మేకుకు తగిలించింది. మూడేళ్లు రోజూ ఆ కుండ నీళ్లే తాగాను. నాకు ఏడుపొచ్చింది.