టైల్స్ చాటున

ఆంట్వెర్ప్ రేవు గేటులో సైరన్ మోగడం అక్కడ కస్టమ్స్‌లో పనిచేసే హెర్లిండేకి కొత్త కాదు. లారీ రెండు స్తంభాల మధ్య నుంచి పోతుంటే సరుకులో రేడియేషన్ ఉందేమో అవి పసిగడతాయి. తీరా చూస్తే చాలాసార్లు అరటిపళ్ళో, స్పెయిన్ టైల్సో అయివుంటాయి; వాటిలో సహజంగానే కాస్త రేడియేషన్ ఉంటుంది. కాగితాలు చూసి పంపేస్తారు.

ఆ మధ్యాహ్నం మోగింది వార్డ్ బాబాయి లారీకి. నాన్నకి సొంత తమ్ముడు.

"టైల్సే, అమ్మాయ్," అన్నాడు ఆమె అడక్కముందే, అద్దం దించి.

మామూలుగా అయితే ఆమె యూనిఫాం మీద ఏదో ఒక జోకు వేసేవాడు. ఇవాళ వెయ్యలేదు. అంత చలిలోనూ నుదురు తడిగా ఉంది.

హెర్లిండే తెర చూసింది. టైల్సయితే రేడియేషన్ గీత లారీ పొడుగునా ఒకే ఎత్తులో సాగాలి. ఇది మొదట్లోనే కొండలా లేచి, ఆ తర్వాత చదునైంది. కొండ ఉన్నది డ్రైవరు సీటు దగ్గర. పై గదిలో ఆమె అధికారి డిర్క్ చూస్తున్నదీ ఇదే తెర. సీటు కింద ఏదో దాచినట్టున్నాడు, దింపి వెతకమని రేడియోలో చెప్పాడు.

దింపింది. సీటు కింద రొట్టెల డబ్బా, వానకోటు తప్ప ఏమీ లేవు. ఆమె చేతిలోని పరికరం అక్కడ నోరెత్తలేదు. బాబాయి వైపు తిప్పగానే టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. నడుము దగ్గరికి వచ్చేసరికి గుక్క తిప్పుకోలేదు. పరికరం మీద పడిన పదార్థం పేరు ఆమెకు తెలుసు. ఎముకల ఫొటో తీసేముందు ఆసుపత్రిలో ఎక్కించే మందు అది.

రెండేళ్ళ క్రితం బాబాయికి క్యాన్సర్ ఆపరేషనైంది. అంతటితో పోయిందనే అందరూ అనుకున్నారు.

"పొద్దున తీశారు," అన్నాడు, కంటైనర్ల వరసకేసి చూస్తూ. "ఎముకల్లోకి పాకిందట. పిన్నికి తెలీదు. ఇవాళ టైల్స్ లోడే కావాలని పట్టుబట్టా. వాటి చాటున దాటిపోవచ్చనుకున్నా."

మందు ఎక్కించామని ఆసుపత్రివాళ్ళిచ్చిన చీటీ చూపిస్తే ఆమె అప్పుడే వదిలేసేది. పిన్ని బట్టలు ఉతికేముందు జేబులు తడుముతుందని దాన్ని అక్కడే చెత్తబుట్టలో పారేసి వచ్చాడు.

"టైల్సని రాసెయ్ హెర్లీ. తనకి నేనే చెప్తాలే, మెల్లిగా."

రాసెయ్యాలనే ఉంది ఆమెకు. కానీ ఆ కొండ డిర్క్ తెర మీదా ఉంది. ఆసుపత్రి నుంచి రుజువు వచ్చేదాకా బండి కదలదు, ఆపిన సంగతి కంపెనీకి చెప్పాలి. కంపెనీ అంటే రెండు లారీలు, ఒక ఫోను. ఆ ఫోను దగ్గర కూర్చునేది లీవ పిన్ని. పోయిన చలికాలమంతా ఆమె తన అక్క మంచం పక్కనే గడిపింది. అక్కని పూడ్చిన రోజు, ఇంకోసారి ఇది నా వల్ల కాదని మెల్లగా అన్న మాట హెర్లిండే చెవిలో ఇంకా ఉంది.

ఫోను చేసింది.

"ఏంటే, ఆయన్ని మళ్ళీ పట్టుకున్నావా?" నవ్వుతోంది పిన్ని. "టైల్సేగా, వదిలెయ్యవే. ఆకలేస్తే మనిషి కాడు."

హెర్లిండే జవాబు చెప్పేలోపే బాబాయి చెయ్యి చాచి ఫోను తీసుకున్నాడు.

"లీవా. బండిలో ఏమీ లేదు."

అవతల పిన్ని ఏదో అడిగింది. ఆయన తన బూట్లకేసి చూసుకున్నాడు.

"నాలోనే ఉంది. మళ్ళీ వచ్చింది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు ఇవతలకి వినపడింది. హెర్లిండే చేతిలో పరికరం ఒక్కటే టిక్కుటిక్కుమంటోంది. దాని నోరు మూయించడానికి ఆమె వెనక్కి నడిచింది. చాలా దూరమే నడవాల్సి వచ్చింది.