ఇరవై కిలోల రాయి

మాధవయ్య పూర్ణిమను కాటా ఎక్కించింది మార్చి పన్నెండున. నంద్యాలలో ఆయన శనగల దుకాణం ముందు ఆ పూట పదకొండు మంది రైతులు బస్తాలతో నిలబడి ఉన్నారు. పూర్ణిమ ఆయన తమ్ముడి భార్య. ఆళ్లగడ్డలో భర్తతో కలిసి కిరాణా అంగడి నడుపుతుంది. నెలకోసారి కందిపప్పు మూటల కోసం నంద్యాల వస్తుంది.

"ఎక్కు పూర్ణిమా. బస్తా ఎంతో, నువ్వెంతో చూద్దాం" అన్నాడు మాధవయ్య.

"వద్దు బావా."

"ఏందీ, సిగ్గా? అంతా మనోళ్లే."

పక్కనున్న భర్త వైపు చూసింది. అతను తన చెప్పులు చూసుకుంటున్నాడు. ఎక్కింది. బస్తా తూకం చదివే గొంతుతోనే మాధవయ్య చదివాడు.

"ఎనభై ఆరు కిలోల నాలుగొందలు! బస్తా మీద ముప్పాతిక బస్తా!"

మస్తాన్ అనే రైతు అందుకున్నాడు. "గోనెసంచి బరువు తీసేసినావా అప్పా?"

పదకొండు మందీ నవ్వారు. మాధవయ్య కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. "ఊరికే ముఖం ముడుచుకోవద్దు. అరవై రెండుకు దిగు, ఇదే కాటా నేనూ ఎక్కుతా. నువ్వే చదువు, బజారంతా వినబడేట్టు."

"మాట మీద ఉండు బావా" అంది పూర్ణిమ.

బస్సు ఆళ్లగడ్డ చేరేలోగా ఆమెకు కావలసింది తేలిపోయింది. అదే చోట, అదే జనం ముందు, ఆయన్ను కాటా ఎక్కించి గట్టిగా చదవాలి. చదివేటప్పుడు ఆయన ముఖం చూడాలి.

మొదటి వారం గంజి తప్ప ఏమీ ముట్టలేదు. ఆరో రోజు అంగట్లో చక్కెర పొట్లం కడుతూ కళ్లు తిరిగి పడింది. పక్కింటి అమీనా వచ్చి లేపింది. అమీనా హైస్కూల్లో ఆటల టీచరు.

"ఏంది పూర్ణిమక్కా, చస్తావా? తిండి మానేస్తే కండ కరిగిపోతాది. మళ్లీ తినంగానే కొవ్వు వచ్చి కూచుంటాది. మీ బావ మీద కోపం నీ కడుపు మీద చూపిస్తాండావే!"

"మరేం చేయాలో చెప్పు."

"బరువులెత్తాల."

"నాకు బరువులు యాడ్నుంచి వస్తాయి?"

అమీనా అంగట్లో అటూ ఇటూ చూసింది. బల్ల కింద పాత ఇనుప తూకం రాళ్లున్నాయి. అయిదు కిలోలది ఒకటి, పదివి రెండు, ఇరవైది ఒకటి. కరెంటు కాటా వచ్చాక వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ప్రతి రాయి అడుగున సీసం మీద సర్కారు ముద్ర ఉంది.

"కిరాణా అంగడామె అడగాల్సిన మాటేనా ఇది?" అంది అమీనా.

పొద్దున అయిదున్నరకు మిద్దె మీద మొదలయ్యేది. బస్కీలు పన్నెండు, మూడు విడతలు. గోడకు చేతులానించి దండీలు. జూన్ నాటికి దండీలు నేల మీదికి దిగాయి, బస్కీలకు పదికిలోల రాయి రొమ్ముకు చేరింది. వారానికి నాలుగు రోజులే. మిగతా రోజుల్లో నడక.

తిండి అంగడి తూకంతో కొలిచింది. మధ్యాహ్నం డెబ్బై గ్రాముల బియ్యం, దానికి రెండింతల ఆకుకూర పప్పు. రాత్రి ఏడుకు ఒక జొన్నరొట్టె, పెరుగు. సాయంత్రం ఉడికించిన శనగలు. బేరాల మధ్య నోట్లో వేసుకునే బెల్లం ముక్క, చెక్కలు ఆగిపోయాయి. ఆదివారం బొరుగుల ఉగ్గాని తినేది, ఒక ప్లేటు. బజ్జీ లేకుండా.

నంద్యాల వెళ్లిన ప్రతిసారీ మాధవయ్య కాటా ఎక్కమనేవాడు. ఆమె ఎక్కేది.

జూన్‌లో ఇంటికి బరువు చూసుకునే మిషన్ కొన్నది. ఎనభై నాలుగు చూపించింది. మర్నాడు బావ కాటా ఎనభై కిలోల ఆరొందలే చూపించింది. ఒక్క రాత్రిలో మూడు కిలోలు పోవని ఆమెకు తెలుసు. ఇంటికి వచ్చి ఇరవై కిలోల రాయిని రెండు చేతులతో ఈడ్చి మిషన్ మీద పెట్టింది. ఇరవై. దించి మళ్లీ పెట్టింది. ఇరవై.

అంటే మార్చిలో తను తొంభై కిలోలు. బావ కాటా తక్కువ తూస్తోంది. ఆ కాటా మీద శనగలు కొంటున్నాడు. యాభై కిలోల బస్తాకు రెండు కిలోలు ఊరికే మిగులుతున్నాయి.

ఎవరికీ చెప్పలేదు. ముందు ఆయన కాటా ఎక్కాలి.

ఫిబ్రవరికి ఇంటి మిషన్ అరవై నాలుగు చూపించింది. శనగలు మార్కెట్‌కు వచ్చిన వారం ఆమె ఒక్కతే బయల్దేరింది. చేతిలో గుడ్డసంచి. కండక్టర్ దాన్ని కాలితో జరపబోయి ఆగాడు.

"ఏందమ్మా ఇది?"

"రాయి."

"విగ్రహాలు చెక్కే ఆళ్లగడ్డోళ్లు రాళ్లు గాక ఇంకేం తెస్తారులే. ఏ దేవుడు?"

"దేవుడికి కాదు, మా బావకులే" అంది.

దుకాణం ముందు తొమ్మిది మంది రైతులు, ఎక్కువమంది ఆనాడు నవ్వినవాళ్లే. మస్తాన్ ముప్పై బస్తాలు తూకమేయించి ముందున్నాడు. పూర్ణిమ సంచి దించి కాటా ఎక్కింది. అరవై ఒకటీ నాలుగొందలు. రైతులు ఈలలు వేశారు.

"ఎక్కు బావా" అంది.

మాధవయ్య చెప్పులు విడిచి, పసుపు కుంకుమ పెట్టిన కాటాకు దండం పెట్టి ఎక్కాడు. ఆమె బజారంతా వినబడేట్టు చదివింది. "తొంభై ఎనిమిదీ రెండొందలు!"

రైతులు నవ్వారు. అందరికన్నా గట్టిగా మాధవయ్య నవ్వాడు. పొట్ట మీద రెండుసార్లు చరుచుకున్నాడు. "ఇది లేకుంటే దుకాణానికి కళ యాడిది?"

పదకొండు నెలలు ఆమె చూడాలనుకున్న ముఖం అది కాదు.

ఆయన దిగాడు. పూర్ణిమ సంచిలోంచి రాయిని ఒంటిచేత్తో లేపి కాటా మీద పెట్టింది.

"పందొమ్మిదీ రెండొందలు" చదివింది.

నవ్వు ఆగింది. మస్తాన్ వంగి రాయిని తిరగేశాడు. ముద్రను బొటనవేలితో రుద్ది చూశాడు. "ఇది ఇరవై గదా?"

"మిషన్ వేడెక్కినట్టుంది" అన్నాడు మాధవయ్య.

"ఎన్నేండ్లుగా వేడెక్కుతాందప్పా?"

"నేను అరవై ఒకటి కాదు, అరవై నాలుగు" అంది పూర్ణిమ రైతులతో. "ఆ పొద్దు మీరు నవ్వింది ఎనభై ఆరుకు కాదు, తొంభైకి. బావ నూటరెండు. అరవై రెండుకు దిగలేదు, పందెం నేను ఓడిపోయినా. మీ బస్తాలు ఎంతో మీరే చూసుకోండి."

మస్తాన్ హమాలీల వైపు తిరిగాడు. "నా ముప్పై బస్తాలూ బయటికి తీయండ్రా." వెనకున్న వాళ్లు ముందుకు వచ్చారు. మాధవయ్య కండువా తీసి మెడ తుడుచుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"ఇంట్లో చెప్పింటే సరిపోయేది కదమ్మా. ఇంతమంది ముందర..."

పూర్ణిమ ఆయన ముఖం చూసింది. తొందర పడకుండా చూసింది.

"ఏంది బావా, సిగ్గా? అంతా మనోళ్లే."

రాయి కోసం వంగితే మస్తాన్ అడ్డం వచ్చాడు. "ఇది ఈడ్నే ఉండనీ తల్లీ. అన్నీ మళ్లీ తూయాల."

ఆమె ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది. రేపటి బస్కీలకు ఇంట్లో పదికిలోల రాళ్లు రెండు ఉన్నాయి.