రంగు వదిలిన వేగిస కర్ర

జాండ్రపేటలో మల్లేశ్వరి మగ్గానికి బట్ట చుట్టుకునే కర్ర ఆ ఏడు వేసవిలో నిలువునా చీలింది. పెళ్ళైన కొత్తలో ఆమె భర్త చేయించిన టేకు కర్ర అది. అతను గుండెపోటుతో పోయి ఏడేళ్ళు దాటింది. పిల్లలు లేరు. ఇంట్లో మల్లేశ్వరి, అత్త సుబ్బరావమ్మ ఇద్దరే. చీలికలో పోగులు తగులుకుంటుంటే పాత గుడ్డ చుట్టి కొన్నాళ్ళు నేసింది కానీ, చివరికి వేటపాలెం నుంచి వడ్రంగి భద్రాచారిని పిలిపించక తప్పలేదు.

భద్రాచారికి యాభై దగ్గర పడ్డాయి. భార్య పోయింది, కూతురికి పెళ్ళి చేసి పంపాడు, ఒంటరిగా వండుకు తింటున్నాడు. మాట తక్కువ మనిషి. కర్ర సంగతి ఎత్తితే మాత్రం ఆగడు.

"మళ్ళీ టేకెందుకమ్మా, నా దగ్గర వేగిస దూలం ఉంది. పర్చూరు దగ్గర పాత పొగాకు బ్యారన్ పడగొడుతుంటే తెచ్చుకున్నా. అన్నేళ్ళు బ్యారన్ వేడిలో ఎండింది. ఇంక వంగదు, పగలదు. చెద దాని జోలికే రాదు" అన్నాడు.

వసారాలోనే కూర్చుని చేశాడు. వేగిస లొంగే కర్ర కాదు. పీచు ఒకచోట ఇటు, ఒకచోట అటు వాలి ఉంటుంది. చిత్రిక ఎదురు పట్టిస్తే పెళ్ళలుగా లేచిపోతుంది. కాసేపటికోసారి ఉలి మొద్దుబారిపోతుంటే సానరాయి మీద నూరుకుంటూ, కర్ర ఎటు చెపితే అటు తిరుగుతూ పనిచేశాడు. సాయంత్రానికి తేనె రంగులో నున్నగా తేలింది. మల్లేశ్వరి అరచెయ్యి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆనించి చూసుకుంది. ఎక్కడా గరుకు తగల్లేదు.

"మా పుట్టింటి గుమ్మాలన్నీ వేగిసవే. ఇల్లు కూలినా గుమ్మాలు నిలబడ్డాయి" అంది సుబ్బరావమ్మ మంచం మీద నుంచి.

నాలుగు నెలలు మగ్గం హాయిగా ఆడింది. తర్వాత తుపాను పట్టింది. మగ్గం గుంటలో చెమ్మ ఊరడంతో మల్లేశ్వరి నేత ఆపేసింది. పైన రేకు మేకు దగ్గర కారుతోందని ఆమె చూసుకోలేదు. వాన తెరిపిచ్చాక మగ్గం దగ్గరికి వెళ్ళి, చుట్టిన చీర విప్పి చూస్తే మీగడ రంగు బట్ట మీద మూరకొక చోట పసుపూ గోధుమా కలిసిన మరకలు. కర్రకి ఆనుకున్న మడతలు మరీ ముదురుగా ఉన్నాయి. ఆమె ఆ చీర ఒళ్ళో వేసుకుని అలాగే గుంట గట్టు మీద కూర్చుండిపోయింది.

ఫోన్ అందుకుంది సుబ్బరావమ్మే.

"ఏమయ్యా ఆచారీ! నువ్వు పెట్టింది కర్రా, కరక్కాయా? నా కోడలు నడుం విరిగేలా నేసిన చీర నాశనమైపోయింది. వచ్చి చూడు!"

సన్నజల్లులోనే మోపెడ్ మీద వచ్చాడు భద్రాచారి. చీర అంచు పట్టుకుని వెలుతురులో చూశాడు. మెట్టు మీద కూర్చున్నాడు.

"తప్పు నాదేనమ్మా. వేగిస తడిస్తే రంగు దిగుద్దని నాకు తెలుసు. ఇదివరకు ఒకరింట్లో గుమ్మం పెడితే కొత్త సున్నం మీద చారలు కట్టి చివాట్లు తిన్నా. బ్యారన్‌లో అంత ఎండింది కదా, ఇంకేం దిగుద్దిలే అనుకున్నా. వేడికి చెమ్మ పోయింది గానీ రంగు పోలేదు."

మల్లేశ్వరి చాలా అనాలనుకుంది. తల మీద నుంచి వాన నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా కూర్చున్న అతన్ని చూసి లోపలికి వెళ్ళింది. తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

"ముందు తల తుడుచుకోండి ఆచారి గారూ. కర్ర మార్చేయండి, అంతే."

"మార్చమంటే రేపే మారుస్తా. కానీ రంగంతా దించేస్తే దీన్ని మించిన కర్ర లేదు. నానబెట్టి, నీళ్ళు మారుస్తా, నీడన ఆరబెడతా. అందాకా వేప కర్ర ఒకటి సర్దుతా. ఒక్క అవకాశం ఇవ్వండి."

మర్నాడు నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి మోపెడ్ వెనక కట్టుకొచ్చి పెరట్లో పెట్టాడు. అందులో కర్రని నిలబెట్టి నీళ్ళు పోశాడు. రెండు మూడు రోజులకొకసారి వచ్చి తలకిందులు చేసి నీళ్ళు మార్చేవాడు. మొదటిసారి నీళ్ళు పారబోయబోతుంటే మల్లేశ్వరి పరుగున వచ్చింది.

"ఆగండాగండి! పారబోయకండి."

నీళ్ళు చిక్కటి డికాషన్‌లా ఉన్నాయి. ఎండ పడినచోట అంచున నీలంగా మెరుస్తున్నాయి. మరక పడిన చీరని ఏ షాపువాళ్ళూ తీసుకోరు. ఆమె బక్కెట్లో ఆ నీళ్ళు పట్టి, పటిక కలిపి, చీరంతా ముంచింది. ఆరాక చూస్తే కొత్త బెల్లం రంగు. పమిట దగ్గర మరకలు కొంచెం తెలుస్తున్నాయి గానీ, రంగు మాత్రం తను ఇన్నేళ్ళలో నేసిన ఏ చీరకీ లేదు.

"అది ఎవరికీ ఇవ్వకు. నువ్వు కట్టుకో" అంది సుబ్బరావమ్మ.

"నేనెక్కడికి కట్టుకెళ్ళాలి అత్తా?"

"ఎక్కడికీ వద్దు. ఇంట్లోనే కట్టుకో. ఊరందరికీ నేస్తావు. నీ మగ్గం మీది చీర నువ్వు కట్టుకుని ఎన్నేళ్ళైంది?"

తర్వాతిసారి వచ్చినప్పుడు భద్రాచారి ఆ చీరలో ఆమెని చూసి చేతిలో చెంబుతో ఆగిపోయాడు. "రంగు బాగా పట్టింది మల్లేశ్వరి గారూ" అన్నాడు. అంతవరకూ ఆమెని పేరుతో పిలవలేదతను.

సుబ్బరావమ్మకి సుగర్ ఉందని తెలిసి వేగిస ముక్కని కడిసెల మీద తిప్పించి ఒక గ్లాసు చేయించి తెచ్చాడు. పూర్వం పెద్దవాళ్ళు రాత్రి అందులో నీళ్ళు పోసి పొద్దున్నే తాగేవారని చెప్పి, మాత్రలు మాత్రం మానొద్దని మరీ మరీ చెప్పాడు. "సుగర్ తగ్గుద్దో లేదో గానీ, నాకోసం ఇంత శ్రద్ధ పెట్టావు, తాగుతాను" అందామె.

నీళ్ళు తేటగా రావడం మొదలయ్యాక కర్రని వసారా నీడలో ఆరబెట్టాడు. పూర్తిగా ఆరాక తడిగుడ్డ ఒక పూటంతా చుట్టి ఉంచి చూశాడు. గుడ్డ తెల్లగానే ఉంది. కర్ర బిగించి వెళ్ళిపోయాడు. ఇక రావడానికి పనేమీ మిగల్లేదు.

వీధిలో మోపెడ్ చప్పుడైతే మల్లేశ్వరి చేతిలో పేక పోగు నడిపే నాడె ఒక్క క్షణం ఆగేది. అది సుబ్బరావమ్మ కంటపడింది.

"మల్లీ, సూటిగా అడుగుతున్నా. ఆచారి అంటే ఇష్టమేనా నీకు?"

మల్లేశ్వరి తలెత్తలేదు. "నలుగురూ ఏమంటారత్తా? పైగా వేరే కులం. నిన్నొదిలి నేనెక్కడికీ వెళ్ళను."

"ఇష్టమా కాదా అనడిగాను. నా సంగతి అడిగానా?"

మల్లేశ్వరి కళ్ళు నిండాయి. మెల్లగా తలూపింది. "నా కొడుక్కి చేసుకుని కోడలిగా తెచ్చుకున్నాను గానీ, నువ్వు నాకు కూతురివే అయ్యావమ్మా" అని పెద్దావిడ ఆమె తల నిమిరింది.

మర్నాడు పొద్దున్నే సుబ్బరావమ్మ ఆటో మాట్లాడుకుని ఒంటరిగా వేటపాలెం వెళ్ళింది. భద్రాచారి కంగారుగా స్టూలు వేశాడు. మల్లేశ్వరిని చేసుకుంటావా అని ఆమె అడిగేసరికి తనూ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఆవిడ మిమ్మల్ని వదిలి రాదమ్మా. రమ్మని నేనూ అడగను. మీకు అభ్యంతరం లేకపోతే నేనే మీ ఇంటికి వస్తాను. పనిముట్లు పెట్టుకోవడానికి వసారాలో ఓ మూల ఇవ్వండి చాలు."

సుబ్బరావమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చీరాల రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళైంది. భద్రాచారి కూతురు వచ్చి మల్లేశ్వరికి తనే పూలు పెట్టింది. వీధిలో కొందరు రెండు వారాలు మాట్లాడుకుని మానేశారు.

వసారాలో చెక్క బల్ల వేసుకుని పని మొదలుపెట్టిన మొదటి రోజు, చిత్రిక పడుతుంటే పొట్టు గాలికి లేచి తలుపులోంచి సరాసరి మగ్గం మీదికి వెళ్ళింది.

"ఏమండీ! పొట్టంతా పడుగు మీద పడుతోంది!" లోపల్నుంచి కేక వేసింది మల్లేశ్వరి.

గుమ్మంలో చిక్కుడుకాయలు ఈనె తీస్తున్న సుబ్బరావమ్మ చెయ్యి ఆగింది. ఆ పిలుపు ఈ ఇంట్లో ఏడేళ్ళుగా వినలేదు. భద్రాచారి గబగబా లేచి, పాత దుప్పటి ఒకటి వెతికి తలుపుకి అడ్డంగా కడుతున్నాడు. పై అంచు సరిగా అందక వేళ్ళ మీద నిలబడ్డాడు.

"ఆ కుర్చీ ఎక్కు నాయనా, పడతావు" అంది సుబ్బరావమ్మ. ముక్కు తుడుచుకుని మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది.